జాకబీయా, లాక్‌వుడ్ బృందమా: సరిహద్దు ఊరి పిల్లలకు ముందుగా ఏది ఇవ్వాలి?

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న మా ఊరు పర్లాకిమిడిలో పదో తరగతి పూర్తి చేసిన మా అన్నయ్య కూతురు, దెయ్యాలూ హత్యా పరిశోధనా కలిసిన ఇంగ్లీషు నవల ఒకటి చెప్పమని అడిగినప్పుడు నాకు రెండు పుస్తకాలు తోచాయి. ఒకటి విలియం రిట్టర్ 2014లో ప్రచురించిన ‘జాకబీ’, రెండోది జొనాథన్ స్ట్రౌడ్ 2013లో ప్రచురించిన ‘ది స్క్రీమింగ్ స్టెయిర్‌కేస్’.

ఇలాంటి కథలన్నిటిలోనూ ఒక చిక్కు పుట్టుకతోనే వస్తుంది. పాఠకుడికి కనిపించనిది డిటెక్టివ్‌కు కనిపిస్తే, అతడితో పాటు నేరస్థుణ్ణి ఊహించే అవకాశం పాఠకుడికి దక్కదు. ఈ చిక్కును ఏది బాగా విప్పిందన్నదే నా తూనిక.

‘జాకబీ’ కథ 1892లో, అమెరికాలోని న్యూ ఫిడిల్‌హామ్ అనే కల్పిత నగరంలో జరుగుతుంది. ఉద్యోగం కోసం వచ్చిన ఎబిగెయిల్ రూక్ అనే యువతి కోటునూ టోపీనూ పట్టుకొని వచ్చిన అదృశ్య జీవులను చూసి, ఆమె ఏ దేశాల మీదుగా వచ్చిందో డిటెక్టివ్ జాకబీ చెప్పేస్తాడు. ఆ సన్నివేశం ముచ్చటగా ఉంటుంది గానీ, ఆ జీవులు మనకు కనిపించవు కనుక మనం చేయగలిగింది నమ్మడమే. ఎదుట ఉన్న మామూలు ఆనవాళ్ళను అతడు పట్టించుకోడు, వాటిని గమనించే పని ఎబిగెయిల్‌దే. ఆమె లేకపోతే ఈ పుస్తకం పరిశోధన కథగా నిలిచేది కాదని నా నమ్మకం. పైగా చావును ముందే పసిగట్టి రోదించే బాన్షీ వంటి ఐరోపా జానపద జీవులను మన పిల్లలకు ఒక్కొక్కటిగా వివరించవలసి వస్తుంది.

స్ట్రౌడ్ చూపే లండన్‌లో యాభై ఏళ్ళకు పైగా దెయ్యాలు విజృంభించి ఉంటాయి, వాటి స్పర్శ ప్రాణం తీస్తుంది. వాటిని స్పష్టంగా చూడగలిగేది, వినగలిగేది పిల్లలూ యువకులూ మాత్రమే. వయసు పెరిగేకొద్దీ ఆ శక్తి పోతుంది. ఇనుము, ఉప్పు, వెండి, పారే నీరు వాటిని అడ్డుకుంటాయని రచయిత మొదట్లోనే చెప్పి, ఆ కట్టుబాట్లలోనే కథ నడుపుతాడు కాబట్టి, దెయ్యాల పీడ వదిలించే చిన్న సంస్థ నడిపే కుర్రబృందం లూసీ, లాక్‌వుడ్, జార్జ్‌లతో పాటు మనమూ ఆలోచించగలుగుతాం. దిష్టి తీయడానికి ఉప్పు తిప్పే ఇంట్లో, పసిబిడ్డ తలగడ కింద ఇనుప ముక్క పెట్టే ఇంట్లో పెరిగిన పిల్లకు ఇవి వేరే చెప్పనక్కరలేదు.

ఇంతకన్నా బలమైన కారణం మరొకటి ఉంది. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఆ రాష్ట్రంలో చేరింది. ఇంట్లో మాట తెలుగు, ఆఫీసు కాగితం ఒడియా కావడంతో, ఒడియా చదవడం రాని తాతల తరఫున దరఖాస్తు నింపేది, గుమాస్తాతో మాట్లాడేది చాలా ఇళ్ళల్లో బడికి వెళ్ళే పిల్లలే. పెద్దలకు వినపడనిది తాము విని, వాళ్ళ భద్రతను భుజాన మోసే లూసీ వంటి పిల్లల కష్టాన్నీ గర్వాన్నీ మా పిల్లలు ఇట్టే పోల్చుకుంటారు. పిల్లల శక్తితో సంస్థలు నడుపుతూ, ప్రాణాపాయాన్ని మాత్రం వాళ్ళకే వదిలేసే పెద్దలపై స్ట్రౌడ్ చూపిన కోపం నాకు ఎంతో న్యాయంగా తోచింది.

నిడివిలో ‘జాకబీ’ చిన్నది, హాస్యం ఎక్కువ, భయం తక్కువ. ఆ ప్రధాన వరుసలో నాలుగు పుస్తకాలు, లాక్‌వుడ్ వరుసలో అయిదు. రెండూ 2017లో ముగిశాయి.

మా అన్నయ్య కూతురికి ‘ది స్క్రీమింగ్ స్టెయిర్‌కేస్’ ఇచ్చాను. రాత్రిపూట ఒంటరిగా పెరట్లోకి వెళ్ళడానికి జంకే ఆమె తమ్ముడికి మాత్రం ‘జాకబీ’తో మొదలుపెట్టిస్తాను, బాన్షీ గురించి పక్కన కూర్చొని నేనే చెబుతాను.