బ్రాడీపేటలో స్పానిష్ క్లాసు: మూడు నెలలు చదివాక

గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే చిన్న ఆఫీసులో డాక్యుమెంట్లు చూసే పని నాది. మెక్సికో నుంచి వచ్చే మెయిళ్ళు స్పానిష్‌లో ఉంటాయి. పోయిన ఏడాది ఒక మెయిల్‌లో ఎండుమిర్చి అని రాయబోయి 'లా పిమియెంతా' అని రాశాను. మిరియాలు కూడా పంపుతారా అని అటునుంచి జవాబు వచ్చింది. 'ఎల్ పిమియెంతో' అంటే క్యాప్సికం, 'లా పిమియెంతా' అంటే మిరియాలు. నేను చెప్పాల్సింది ఈ రెండూ కాదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ముందు ఒక ఆన్‌లైన్ కోర్సులో చేరాను. 300 మాటలు బట్టీ పట్టించారు, ఒక్కదాని ముందూ 'ఎల్', 'లా' లేవు. స్పానిష్‌లో వస్తువుల పేర్లకు కూడా లింగం ఉంటుంది; పుంలింగమైతే ముందు 'ఎల్', స్త్రీలింగమైతే 'లా' పెడతారు. అవన్నీ ఇక్కడికొచ్చి మళ్ళీ నేర్చుకోవాల్సి వచ్చింది.

ఈ క్లాసు బ్రాడీపేటలో ఒక ఇంటి మేడ మీద జరుగుతుంది. వారానికి రెండు సాయంత్రాలు, మూడు నెలలకు 6,000 రూపాయలు. మా బ్యాచ్‌లో ఎనిమిది మందిమి. మేడమ్ పెట్టిన నియమం ఒకటే: ఏ మాటా ఒంటరిగా రాయకూడదు. కుర్చీకి 'సీయా' అని రాస్తే దిద్దరు, పుస్తకం తిరిగి ఇచ్చేస్తారు. 'లా సీయా' అని ఎర్ర పెన్నుతో రాయాలి. పుంలింగమైతే నీలం పెన్ను.

నాలుగో క్లాసులో ఉండబట్టలేక అడిగేశాను, "కుర్చీ ఆడది ఎలా అయిందండీ?" చిన్నప్పుడు హిందీ ప్రచార సభ పరీక్షలకు చదివినప్పుడూ నాకు ఇదే బాధ. మేడమ్ బోర్డు మీద మిరపకాయ బొమ్మ గీశారు. మెక్సికోలో దీన్ని 'ఎల్ చీలే' అంటారు, పుంలింగం. స్పెయిన్‌లో 'లా గిందీయా', స్త్రీలింగం. పెరూలో 'ఎల్ అహీ', మళ్ళీ పుంలింగం. "కాయ మారిందాండీ? లేదు కదా. లింగం కాయది కాదు, మాటది" అన్నారు. 'పెర్సోనా' అంటే మనిషి. మాట్లాడేది మగవాడి గురించే అయినా 'లా పెర్సోనా' అనే అనాలి.

నాకు అసలు విషయం అక్కడ తెలిసింది. తెలుగులో మనం అర్థాన్ని చూస్తాం. మగవాడైతే 'వచ్చాడు'. అమ్మాయైనా, ఆవైనా, బస్సైనా 'వచ్చింది'. ఆ అలవాటుతోనే కుర్చీలో ఆడతనం వెతికాను. ఇప్పుడు వస్తువును పక్కన పెట్టి మాట చివర చూస్తున్నాను. 'ఓ'తో ముగిస్తే ఎక్కువగా 'ఎల్', 'ఆ'తో ముగిస్తే ఎక్కువగా 'లా'. 'దాద్', 'సియోన్' అని ముగిసేవి దాదాపు అన్నీ 'లా'. మా ఇన్‌వాయిస్‌లలో రోజూ కనిపించే 'కాలిదాద్' (నాణ్యత), 'కాంతిదాద్' (పరిమాణం) దాంతో తేలిపోయాయి. రంగు మాట కూడా లింగాన్ని బట్టి మారుతుంది: ఎర్ర మిరపకాయ 'చీలే రోహో', ఎర్ర శాంపిల్ 'ముయెస్త్రా రోహా' అని ఇప్పుడు తడుముకోకుండా రాస్తున్నాను.

లోటు లేకపోలేదు. 'ఆ'తో ముగిసినా పుంలింగమైన 'ఎల్ ప్రోబ్లేమా', 'ఎల్ సిస్తేమా' లాంటి గ్రీకు మాటలు, 'ఓ'తో ముగిసినా స్త్రీలింగమైన 'లా మానో' (చెయ్యి), అన్నీ ఒక్క సాయంత్రంలో చెప్పేశారు. నీళ్ళకు 'ఎల్ ఆగువా' అంటారు గానీ అది స్త్రీలింగమే. 'లా' పక్కన, ఒత్తి పలికే 'ఆ' వస్తే పలకడానికి ఇబ్బంది కాబట్టి 'ఎల్' పెడతారు. పక్కన వచ్చే విశేషణం మాత్రం స్త్రీలింగంలోనే ఉంటుంది: చల్లని నీళ్ళు 'ఎల్ ఆగువా ఫ్రీయా'. ఈ ఒక్కదానికే నాకు వారం పట్టింది. ఇంకో రెండు క్లాసులు కేటాయించాల్సింది.

ఇంకొకటి, రంగులతో నేర్పి, చేతికిచ్చే జిరాక్సులు నలుపు తెలుపులో ఇస్తారు. ఎరుపు ఏదో నీలం ఏదో మనమే ఇంటికెళ్ళి దిద్దుకోవాలి. ఫిబ్రవరి, మార్చిలో యార్డు రద్దీ వల్ల నేను మూడు క్లాసులు మానేస్తే, వాటిని ఆదివారం విడిగా కూర్చోబెట్టి చెప్పారు. దానికి డబ్బు తీసుకోలేదు.

రెండో లెవెల్‌కి ఫీజు కట్టేశాను. జిరాక్సులు కలర్‌లో కావాలని, ఖర్చు మేమే పెట్టుకుంటామని మేడమ్‌కి చెప్పాం.