వేటగాళ్ళ రేంజ్‌ఫైండర్‌తో ఉప్పలపాడులో మూడేళ్ళు

లేజర్‌తో దూరం కొలిచే ఈ రేంజ్‌ఫైండర్ అట్టపెట్టె మీద ‘వెయ్యి గజాలు’ అని రాసి ఉంది. మూడేళ్ళలో ఆ అంకె దరిదాపులకు వెళ్ళింది ఒక్కసారే. ప్రకాశం బ్యారేజీ ఒక చివర నిలబడి, అవతల ట్రాఫిక్‌లో ఆగిపోయిన కారు నంబరు ప్లేటు మీద గురిపెడితే 930 అని చూపించింది. నంబరు ప్లేటు వెలుతురును వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది కాబట్టి అంత దూరం సాధ్యమైంది. అదే పగటిపూట చెట్టు అయితే ఆరేడు వందల గజాలు, పక్షి అయితే రెండొందలు దాటితే గొప్పే. కంపెనీలు పెట్టె మీద వేసేది ఆ నంబరు ప్లేటు లెక్క. (అన్నట్టు, బ్యారేజీ మీద ఇలాంటిది కంటికి పెట్టుకుంటే కానిస్టేబుల్ వచ్చి ఏంటిదని అడుగుతారు. అడగాలి కూడా.)

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేటకు దారి మూసుకుపోయింది. రైఫిల్ మీద బిగించే స్కోపులోనే దూరం చూపించే రకాలు విదేశాల్లో వేటగాళ్ళు వాడతారు, వాటితో మనకు పని లేదు. నేను కొన్నది చేత్తో పట్టుకునేది, 6×21 (ఆరు రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం వెడల్పు 21 మిల్లీమీటర్లు), పదకొండు వేలు. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కడతాయి. ఎంత దగ్గరికి వెళ్తే అవి బెదిరి లేస్తున్నాయో నోట్‌బుక్‌లో రాసుకోవాలని నా కోరిక. అంతకుముందు కంటి అంచనాతో రాసేవాణ్ణి. మొదటి రోజే నా అంచనాల పరువు పోయింది. వంద గజాలు అనుకున్న చెట్టు 160లో ఉంది. నీళ్ళ మీదుగా చూస్తే దూరం తక్కువగా కనిపిస్తుందని అప్పుడే తెలిసింది.

ఈ వస్తువులో అసలు సంగతి మోడ్‌లు. లేజర్ వెలుగు వెళ్ళి తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం లెక్కకడుతుంది. ఆ వెలుగు సన్నటి గీతలా వెళ్ళదు, పోయేకొద్దీ వెడల్పవుతుంది. అందుకే ఒకే నొక్కుకి ముందున్న తుమ్మకొమ్మా, దాని వెనక కొంగా, ఆ వెనక చెరువు గట్టూ అన్నీ తగులుతాయి. గోల్ఫ్ మోడ్ వీటిలో దగ్గరిదాన్ని చెబుతుంది, ఎందుకంటే గోల్ఫ్ ఆడేవాళ్ళకు జెండా కర్ర కావాలి, వెనక చెట్లు కాదు. హంట్ మోడ్ దూరందాన్ని చెబుతుంది, పొద మాటున ఉన్న జంతువు కోసం. చెట్టు కొసన కూర్చున్న కొంగకి గోల్ఫ్ మోడ్, కొమ్మల వెనక గూటికి హంట్ మోడ్ వాడాలని అర్థం కావడానికి నాకు ఒక సీజన్ అంతా పట్టింది. మొదటి ఏడాది రాసుకున్న లెక్కల్లో సగం కొంగలవి కావు, అవతలి గట్టువి. ఆ పేజీలు కొట్టేశాను.

నీళ్ళ మీద ఈదుతున్న గూడబాతు మాత్రం ఇప్పటికీ దొరకదు. ఏటవాలుగా పడ్డ వెలుగును నీళ్ళు అటే పంపేస్తాయి, అంత దూరంలో పక్షి చిన్న గురే. పక్కనున్న చెట్టు మొదలు కొలిచి సరిపెట్టుకుంటున్నాను.

నా పెద్ద ఫిర్యాదు లోపల కనిపించే అంకెల రంగు మీద. నల్ల అంకెలు. పక్షులు చురుగ్గా ఉండేది తెల్లవారుజామున, అప్పుడు చెట్టు నలుపు మీద నల్ల అంకె కనిపించదు. పైగా కంటికి వచ్చే వెలుగు వలయం 21ని 6తో భాగిస్తే మూడున్నర మిల్లీమీటర్లే, మసక వెలుతురులో అది చాలదు. అంకె చదవడానికి ఆకాశం వైపు తిప్పుకుంటాను. నవ్వుకోండి. డిసెంబరు మంచులో మరీ ఘోరం, ఎదుట మంచునే కొలిచి ఇరవై గజాలు అంటుంది.

కొండవీడు కోట మీద ఒకసారి బుర్ర తిరిగింది. ఒకే బండ దూరాన్ని రెండుసార్లు కొలిస్తే 200 ఒకసారి, 173 ఇంకోసారి. చెడిపోయిందనుకున్నాను. తీరా చూస్తే మధ్యలో ఏటవాలు లెక్క బటన్ నొక్కుకుపోయింది. ముప్పై డిగ్రీల వాలులో 200 గజాల చూపుకి అడ్డదూరం 173 అవుతుంది. బాణానికీ తూటాకీ పనికొచ్చే లెక్క అది, నేను దాన్ని ఆపేసి ఉంచుతాను.

బ్యాటరీ సీఆర్2. గుంటూరులో అడిగిన మూడు షాపుల్లోనూ బిళ్ళలా ఉండే సీఆర్2032 చేతిలో పెట్టారు. ఆన్‌లైన్‌లో రెండు తెప్పించి ఒకటి సంచిలో ఉంచుకున్నాను. ఒక్కోటి ఏడాదికి పైగానే వస్తోంది.

గజాల్లో చూపించడం నాకు భలే నచ్చింది, మనం స్థలాలు మాట్లాడుకునేది గజాల్లోనే కదా. ఆ సరదాతోనే మా బావ దీన్ని పట్టుకెళ్ళి రెండొందల గజాల ప్లాటు కొలిచాడు. పది ఇంటూ ఇరవై ఉండాల్సింది తొమ్మిది ఇంటూ ఇరవై వచ్చింది. ఇరవై గజాలు మింగేశారని అమ్మినాయనకు ఫోన్ చేయబోతుంటే ఆపాను. దీనికి ఒక గజం అటూ ఇటూ తేడా సహజం. కొంగకి గజం తేడా లెక్క కాదు, ప్లాటుకి అది లక్షలు.

వచ్చే సీజన్‌కి ఎర్ర అంకెలు వెలిగే రకం కొంటున్నాను, మెట్రిక్ అయినా సరే. ఇది బావకే ఇస్తాను, టేపు కూడా కలిపి.