ఎడారి ఊరి సిరీస్ తీయాలంటే ఏది మేలు: జైసల్మేరా, హగరి ఒడ్డా?

మా వాళ్లు రాసుకున్న కథ ఇది. గుంటూరులో ఐపీ పెట్టి అప్పులవాళ్లకు దొరక్కుండా తిరుగుతున్న మిర్చి వ్యాపారి, మొగుణ్ణి వెతుక్కుంటూ బయల్దేరిన బందరు టీచరమ్మ, బోరు లారీ మీద వచ్చిన తమిళ కుర్రాడు, రిటైరైన సర్వేయరు. ఒకరి మొహం ఒకరు ఎరగరు. ఒకే వారంలో నలుగురూ ఇసక కమ్మేస్తున్న ఓ మారుమూల ఊళ్లో దిగుతారు. మొత్తం ఎనిమిది ఎపిసోడ్లు. కథ అందరికీ నచ్చింది, పేచీ అంతా ఆ ఊరు ఎక్కడ అన్న దగ్గరే. సినిమా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులకు పేరుపడ్డ మన బెజవాడ గాంధీనగర్‌లోనే ఎవర్నడిగినా ఠక్కున వచ్చే సమాధానం రాజస్థాన్. నా ఓటు మాత్రం అనంతపురం జిల్లాలో హగరి నది ఒడ్డుకి.

ముందు తేలిగ్గా తేలిపోయేవి పక్కన పెడదాం. "కృష్ణలోనే లాగించేద్దాం, పైసా ఖర్చుండదు" అనేవాడు ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. నిజమే, ఎండాకాలం ప్రకాశం బ్యారేజీ దిగువన కావాల్సినంత ఇసక తేలుతుంది. కానీ కెమెరా కాస్త పైకెత్తితే దుర్గమ్మ కొండ, కాస్త పక్కకి తిప్పితే వారధి మీద బస్సులు. పాటలో రెండు బిట్లకైతే సరే. సూర్యలంక దిబ్బల వెనకాల సరుగుడు తోటలు అడ్డం. రామోజీ ఫిలిం సిటీలో సెట్టేసే స్తోమతే ఉంటే అసలీ చర్చ దేనికి?

ఇక జైసల్మేర్. అందానికి వంక పెట్టలేం. ఊరికి 40 కిలోమీటర్ల దూరంలో సమ్ దగ్గర నిజమైన దిబ్బలున్నాయి. దారిలో కుల్ధారా ఉంది. పాలీవాల్ బ్రాహ్మణులు దాదాపు 200 ఏళ్ల కిందట వదిలి వెళ్లిపోయిన ఊరు, పైకప్పులు లేని గోడలు వరసగా నిలబడి ఉంటాయి. అక్కడ ఏటా పడే వాన 200 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. షాట్ పెడితే చాలు, అదే ఎడారి అంటుంది, మనం కష్టపడి నమ్మించక్కర్లేదు.

అయితే దిబ్బల మీద తీయడంలో ఒక తిప్పలుంది, ఫొటోల్లో కనపడదు. మన వ్యాపారి దిబ్బ ఎక్కి ఊరి వైపు చూసే షాట్ అనుకోండి. ఎక్కాడు, బాగానే చేశాడు, చివర్లో డైలాగు తడబడింది. వన్ మోర్ అంటే కుదరదు. వాడి అడుగులు అచ్చుగుద్దినట్టు అక్కడే ఉంటాయి. గాలి గీసిన సన్నటి అలలు ఒక్కసారి చెదిరాయంటే చీపురుతో ఊడ్చినా తిరిగి రావు. యూనిట్ మొత్తం ఇంకో దిబ్బకి మారాలి, ఈలోపు ఎండ మారిపోతుంది. పైగా సమ్‌లో చలికాలమంతా టూరిస్టుల సీజన్. జీపులు, ఒంటెలు, టెంట్లు, రాత్రయితే డాన్సులు. మారుమూల ఊరు కావాలని అంత దూరం పోయి జనాన్ని తప్పించుకోవడానికి పొద్దున్నే లేవాలన్నమాట. సరిహద్దు జిల్లా కాబట్టి డ్రోన్ ఎగరేయాలంటే ఆ పర్మిషన్ల గొడవ వేరే. ముప్ఫై మంది యూనిట్‌ని అంత దూరం తీసుకెళితే రైలు ఛార్జీలు, బేటాలకే (రోజువారీ భత్యాలు) సగం డబ్బు హరించుకుపోతుంది.

డబ్బు సంగతి ఎలాగోలా సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది ఇంకోటుంది. బందరు టీచరమ్మ మొగుడు జైసల్మేర్ ఎందుకెళ్లాడు? బోరు లారీ అక్కడికెందుకొచ్చింది? ప్రతి పాత్రకీ ఒక సాకు అల్లాలి, నాలుగు సాకులు కలిసేసరికి ప్రేక్షకుడికి అనుమానం వస్తుంది. ఊరి జనం హిందీ, మార్వాడీ మాట్లాడతారు, మన నలుగురూ వాళ్ల కంటికి ఒకే గుంపు. నలుగురు అపరిచితులనుకున్న కథ కాస్తా తెలుగువాళ్ల టూరైపోతుంది. బెజవాడ వన్‌టౌన్‌లో వ్యాపారం చేసి తెలుగు నేర్చుకున్న మార్వాడీ సేటుని ఆ ఊళ్లో పెడదామని ఒకడన్నాడు. పాత్ర భలే ఉంది, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఒక్క సేటు ఎనిమిది ఎపిసోడ్లు మొయ్యడు. 2023లో వచ్చిన 'దహాడ్' సిరీస్‌కి రాజస్థాన్ అతికిందంటే అది అక్కడి పోలీసుల కథ, అక్కడి ఆడవాళ్ల కథ. మనది కాదు.

ఇప్పుడు హగరి. వేదవతి నదికే ఆ పేరు, పోయి తుంగభద్రలో కలుస్తుంది. అనంతపురం జిల్లాలో కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల వైపు ఆ నది ఇసక గాలికి లేచి పొలాల మీద పడుతుంది. దర్గా హొన్నూరు చుట్టుపక్కల నిజంగా దిబ్బలే కట్టింది. బెజవాడలో రాత్రి అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గుంటూరు, నంద్యాల, గుంతకల్లు మీదుగా తెల్లారేసరికి బళ్లారి. అక్కడి నుంచి జీపు దూరం.

ఇక్కడ మన నలుగురికీ సాకులు అల్లక్కర్లేదు. బోరు లారీలంటేనే తమిళనాడులోని తిరుచెంగోడు, రాయలసీమలో ఆ ఊరి లారీలు తిరగని ఊరుండదు. టీచరమ్మ మొగుడు బళ్లారి ఇనుప గనుల్లో పనికని పోయి ఉంటాడు. సర్వేయరుకి ఇసక కింద పోయిన సరిహద్దు రాళ్లే పని. ఇక మిర్చి వ్యాపారి సంగతి: టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కలు తప్ప ఇంకేమీ తెలియని మనిషి, గుంటూరు యార్డు మొహాలు కనపడని చోటు కావాలి. ఊళ్లో కాలుపెట్టి "ఏందయ్యా, లాడ్జి ఎక్కడ?" అన్నాడా, "యాడ నుంచొస్తివప్పా" అని ఎదురు ప్రశ్న. ఒక్క మాటతో పరాయివాడని తేలిపోయింది, సీన్ దానంతటదే నడుస్తుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. అనంతపురంలో ఏటా 550 మిల్లీమీటర్ల చిల్లర వాన పడుతుంది, జైసల్మేర్‌కి రెండింతలకు పైమాటే. దిబ్బలు చిన్నవి, కనుచూపు మేరా ఇసకే అన్న షాట్ ఇక్కడ దొరకదు. పైగా తుంగభద్ర ఎగువ కాలువ (హెచ్చెల్సీ) అటుగానే పోతుంది, దాంట్లో నీళ్లు వచ్చాయంటే కెమెరా ఎటు తిప్పినా పచ్చటి వరి. మొదట విన్నప్పుడు మా కెమెరామేన్ తల పట్టుకున్నాడు. నాకు మాత్రం కథకి అదే బలమనిపిస్తుంది. ఒకడి చేలో నాట్లు, కాస్త దూరంలో ఇంకొకడి చేలో మోకాలు లోతు ఇసక. ఆ ఊళ్లో కొట్లాట ఎందుకొస్తుందో వేరే చెప్పాలా? రాజస్థాన్‌లో ఇసక ఎప్పుడూ ఉన్నదే. ఇక్కడ అది వచ్చి పడింది, ఆ నలుగురిలాగే.

అసలు కథలో ఊరు ఒకచోట, తీసింది ఇంకోచోట అయితే మునిగిపోయేదేం లేదు. 2017లో అమెరికాలో ఎన్‌బీసీ ఛానల్లో మొదలైన 'మిడ్‌నైట్, టెక్సాస్'లోనూ ఇలాంటి ఊరే. హీరో అప్పులవాడి నుంచి తప్పించుకుని, చచ్చిపోయిన నాయనమ్మ మాట మీద అక్కడికొచ్చి చేరతాడు. పేరులోనే టెక్సాస్ ఉన్నా తీసింది న్యూ మెక్సికోలో. రెండు సీజన్లు నడిచింది.

మీ కథ దారి తప్పి దాహంతో నడిచే మనిషిదైతే నా మాట వినకండి, జైసల్మేరే పొండి. చుట్టూ ఏమీ లేకపోవడమే అక్కడ కథ, హగరి దానికి చాలదు. మనుషులు వచ్చి ఒకరికొకరు తగులుకునే కథకైతే హగరే. ఒక్క షరతు: ఆ ఇసక పడ్డ చేలకి ఓనర్లున్నారు. దిబ్బ కదా అని ఊరికే ట్రైపాడ్ దించకుండా రైతుకి చేను అద్దె కట్టాలి, జూనియర్ ఆర్టిస్టుల్ని ఆ ఊళ్లోనే తీసుకోవాలి.

నెల కూడా చూసుకోవాలి. ఏప్రిల్, మే అయితే వరి ఉండదు, ఇసకా లేవదు. ఇసక లేచేది నైరుతి గాలికి, అంటే జూన్ నుంచి. కాలువకి నీళ్లు తుంగభద్ర డ్యాం నిండాకే, మామూలుగా జూలై దాటుతుంది. ఈ మధ్యలో జూన్ ఒక్కటే మనది. ఆ గాలిలో లైవ్ సౌండ్ మీద ఆశ పెట్టుకోవద్దు, డబ్బింగ్ ఖర్చు ముందే రాసుకోండి. మా బడ్జెట్లో ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.