పని ఆగిపోయాక చేరిన ఎనిమిది వారాల ధ్యాన శిక్షణ: ఒక రోగి సమీక్ష

పనే దైవమని నమ్మి ఇరవై రెండేళ్లు లెక్కల తనిఖీలో గడిపిన నాకు, మల్టిపుల్ స్క్లీరోసిస్ వల్ల ఉద్యోగం మానుకోవలసి వచ్చినప్పుడు జీతంతో పాటు ఆ దైవం కూడా దూరమైంది. ఈ వ్యాధిలో శరీరంలోని రోగనిరోధక వ్యవస్థే నరాల మీది మైలిన్ పొరను దెబ్బతీస్తుంది. తిమ్మిర్లు, చూపు మసకబారడం నలుగురికీ చెప్పుకోగలిగిన బాధలు. నన్ను ఆఫీసు కుర్చీలోంచి లేపింది మాత్రం ఎంత నిద్రపోయినా తీరని అలసట. ఆ రోజుల్లో డాక్టరు గారి సూచన మీద ఆన్‌లైన్‌లో ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంలో ఒంట్లో, మనసులో జరిగేదాన్ని ఉన్నదున్నట్టు గమనించే ధ్యానం) శిక్షణలో చేరాను. అది ముగిసి ఏడాది దాటింది కాబట్టి, తొలి ఉత్సాహమూ తొలి చిరాకూ రెండూ చల్లారాక రాస్తున్నాను.

ఈ పద్ధతిని 1979లో జాన్ కబాట్-జిన్ మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో ప్రారంభించారు. మూలాలు బౌద్ధ ధ్యానంలో ఉన్నా, ఆసుపత్రిలో ఏ మతం వారైనా చేరగలిగేలా మతపరమైన మాటలన్నీ తీసివేశారు. వారానికి ఒక తరగతి, దాదాపు రెండున్నర గంటలు. ఇంటి దగ్గర రోజూ 45 నిమిషాల సాధన. చివరి వారాల్లో ఒక పూర్తి రోజు మౌనం. నేను చేరిన శిక్షణ కూడా ఇదే క్రమంలో సాగింది.

మొదటి తరగతిలో ఎండుద్రాక్షను వేళ్ల మధ్య పట్టుకుని పరిశీలించమన్నారు. మొద్దుబారిన నా వేళ్లకు అది అందక కింద పడి మంచం కిందికి దొర్లిపోయింది. మిగతా వారు దాని ముడతల గురించి మాట్లాడుతుంటే నేను చీపురుతో దాన్ని వెతుక్కుంటున్నాను. రెండో వారం నుంచి మాత్రం, పడుకుని శరీరంలో ఒక్కొక్క భాగాన్నే మనసుతో తడుముకుంటూ వెళ్లే సాధన నన్ను పట్టుకుంది. అది ఎడమ కాలి బొటనవేలితో మొదలవుతుంది. నాకు సరిగ్గా అక్కడే స్పర్శ లేదు. ఇదే మాట చెబితే, ఏమీ తెలియకపోతే ఆ తెలియకపోవడాన్నే గమనించమన్నారు శిక్షకురాలు. మాటల గారడీ అనుకున్నాను. పది పదిహేను రోజులకు, ఆ వేలి దగ్గర ఆగినప్పుడల్లా కలిగే కోపం కనబడింది, దాని వెనక భయం, ఆ భయం వెనక "ఇక నేను ఎవరికి అక్కరకొస్తాను?" అన్న ప్రశ్న కనబడ్డాయి. ఈ ప్రశ్నను అంతవరకూ డాక్టర్లెవరూ అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.

ఇక లోపాలు. సాధన ఎన్ని రోజులు చేశామో గడులు నింపే పట్టిక ఒకటి ఇస్తారు. నావంటి వారి చేతికి పట్టిక ఇవ్వడం పొరపాటు: మూడో వారానికల్లా సాధన చేయకముందే గడి నింపేస్తున్నాను. మౌన దినం ఏడు గంటలు సాగింది. మధ్యాహ్నానికి నా ఒంట్లో ఓపిక అయిపోయింది, సగం రోజుకు అనుమతి అడిగితే హాజరు లెక్కలోకి రాదన్నారు. దీర్ఘరోగుల కోసమే పుట్టిన పద్ధతిలో ఈ పట్టుదల నాకు మింగుడుపడలేదు. శిక్షణలో భాగమైన యోగాసనాలను కుర్చీలో కూర్చుని చేసే వీలు కల్పించారు గానీ, అది నేను అడిగాకనే.

ఆధ్యాత్మికంగా ఏమైనా దొరుకుతుందా అని చూసేవారికి స్పష్టంగా చెప్పవలసింది ఒకటుంది. ఈ జబ్బు నాకే ఎందుకు, దేవుడు ఇందులో ఎక్కడ అన్న ప్రశ్నలకు ఈ శిక్షణలో జవాబు లేదు. అడిగితే శిక్షకురాలు మర్యాదగానే పక్కకు తప్పుకున్నారు. అప్పుడు నొచ్చుకున్నాను, ఇప్పుడు అదే మేలనిపిస్తుంది. నా ప్రార్థన ఎప్పుడూ కోరికల జాబితాగానే ఉండేది, అందులోనూ పద్దులే. ఇప్పుడు పొద్దున్నే కిటికీ దగ్గర ఏమీ అడగకుండా కాసేపు కూర్చుంటాను. ఆ కాసేపు ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేదు. దాన్ని దైవసన్నిధి అనవచ్చో లేదో తేల్చుకోవాలన్న తొందర కూడా పోయింది. అలసట మాత్రం ఎప్పటిలాగే ఉంది. జబ్బు తగ్గుతుందన్న ఆశతో చేరితే నిరాశే మిగులుతుంది.

చేరే ముందు మూడు సంగతులు అడిగి తెలుసుకోండి: తరగతి అంతా పడుకుని వినవచ్చా, రానివారికి రికార్డింగు ఇస్తారా, మౌన దినాన్ని రెండు పూటలుగా విడగొట్టుకోవచ్చా. మూడింటికీ అవునన్న చోట చేరండి. పట్టిక ఇస్తే మాత్రం ఖాళీగానే తిరిగి ఇచ్చేయండి.