నర్సుల కోసం ‘ఇంటి చిట్కాల’ కోర్సు చేశాను, ఐదుకి మూడు ఇస్తున్నా

నాలుగో పాఠంలో వీడియో ఆపి, వెనక్కి జరిపి మళ్లీ చూశాను. తెల్లకోటు వేసుకున్నావిడ ఓఆర్ఎస్ ప్యాకెట్ చింపింది. ముందు గాజు గ్లాసు ఉంది, మహా అయితే 200 మి.లీ. పడుతుంది. ప్యాకెట్ మొత్తం అందులో వంపేసి, చెంచాతో గిరగిరా తిప్పి, కెమెరా వైపు చూసి నవ్వింది. వెనకనుంచి వినిపించే గొంతేమో ‘ఒక లీటరు నీళ్లలో కలపాలి’ అని శుభ్రంగా చదువుతోంది. 200 మి.లీ.కి సరిపడే చిన్న ప్యాకెట్లు కూడా ఉంటాయి, ఒప్పుకుంటాను. కానీ ఆవిడ చేతిలో ఉన్నది పెద్దది. కవరు మీద లీటరు అని కనిపిస్తూనే ఉంది.

నోటితో చెప్పింది సగంమంది మర్చిపోతారు, చేత్తో చేసి చూపించింది మాత్రం మర్చిపోరు. వార్డులో వారం రోజులు పనిచేసిన వాళ్లెవరికైనా ఇది తెలుసు. అందుకే ఈ రివ్యూ గ్లాసుతో మొదలైంది.

నేను పద్నాలుగేళ్లుగా మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సుని. ఇంట్లో వాడుకునే చిట్కాలు, వాటి వెనకున్న వైద్యం, నర్సులకు అర్థమయ్యేలా చెబుతాం అంటే ఉబలాటపడి చేరాను. ఆరు వీడియో పాఠాలు, ఒక పీడీఎఫ్, చివర్లో పరీక్ష, పాసైతే సర్టిఫికెట్. నాలుగు నైట్ డ్యూటీల తర్వాతి ఖాళీల్లో పూర్తిచేశాను. కోర్సు పేరు రాయడం లేదు. వాళ్లతో నా ఉత్తరాల సంగతి ఇంకా తేలలేదు.

మొదటి పాఠం తేనె. ఆరింటిలో శ్రద్ధగా తయారుచేసింది ఇదే. మామూలు జలుబుతో వచ్చే పిల్లల దగ్గుకి పడుకునే ముందు అర చెంచా నుంచి చెంచా తేనె ఇస్తే రాత్రి దగ్గు కాస్త తగ్గుతుంది. దీనికి అధ్యయనాల బలం ఉంది. గొంతుకి పూతలా పట్టి గరగరను శాంతింపజేస్తుంది, అంతేగానీ జబ్బుని తరిమేయదు అని సూటిగా చెప్పారు. నచ్చింది.

గాయాల మీద తేనె ఎందుకు పనిచేస్తుందో చెప్పిన భాగం ఇంకా బాగుంది. తేనెలో చక్కెర గాఢత ఎక్కువ కాబట్టి బ్యాక్టీరియాలోని నీటిని లాగేస్తుంది. ఆమ్లగుణం ఉంటుంది. గాయంలోని తడి తగిలి పలచబడితే అందులోని గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము కొద్దికొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారుచేస్తుంది. మనం సీసాలోంచి పోసే పెరాక్సైడ్ ఒక్కసారిగా పొంగి కండను కూడా దెబ్బతీస్తుంది, ఇది నిదానంగా ఊరుతుంది. అయితే డ్రెస్సింగ్‌కి వాడేది గామా కిరణాలతో శుద్ధిచేసిన తేనె, వంటింటి సీసాలోది కాదు. ఈ తేడా రెండుసార్లు నొక్కిచెప్పారు.

మరి అంత జాగ్రత్తపడ్డవాళ్లు ఏడాదిలోపు పిల్లలకు తేనె నాకించకూడదనే మాటను వీడియోలో ఎందుకు వదిలేశారు? అది పీడీఎఫ్ అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. క్లాస్ట్రిడియం బాట్యులినమ్ అనే బ్యాక్టీరియా బీజాలు తేనెలో ఉండొచ్చు. పెద్దవాళ్ల పేగులో అవి మామూలుగా మొలకెత్తలేవు, పసివాళ్ల పేగులో మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. మరిగించినా ఆ బీజాలు చావవు, కాబట్టి ‘వేడిచేసి ఇస్తే ఫర్వాలేదు’ అన్న వాదన చెల్లదు. మొదట మలబద్ధకం, తర్వాత పాలు లాగలేకపోవడం, ఏడుపు సన్నబడటం, మెడ నిలపలేకపోవడం. ఈ వరస ప్రతి నర్సు నోటికి రావాలి.

రెండో పాఠం అల్లం, పసుపు, వెల్లుల్లి. ఇక్కడ కోర్సు కాస్త భక్తిలో పడింది. అల్లం వరకు ఫర్వాలేదు: గర్భిణుల వికారానికి రోజుకి ఒక గ్రాము అల్లం పొడి, నాలుగు భాగాలుగా, అని కొలతతో చెప్పారు. పసుపు దగ్గరికొచ్చేసరికి అది చెయ్యని పనే లేదన్నట్టు పాడారు. పసుపులోని కర్‌క్యుమిన్ అనే పదార్థం పేగులోంచి రక్తంలోకి సరిగా వెళ్లదు, అందుకే టెస్ట్ ట్యూబులో చూపిన ప్రతాపం మనిషిలో చూపదు. దాన్ని సరిచేయడానికి మిరియాల్లోని పైపరిన్ కలిపి మాత్రలు చేస్తారు. అలా ఎక్కువగా ఒంటబట్టే మాత్రల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు కూడా నమోదయ్యాయి. వీటిలో ఒక్కమాటా వీడియోలో లేదు. వెల్లుల్లి మాత్రలు రక్తం గడ్డకట్టే తీరును మార్చగలవని, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవాళ్లనూ ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లనూ వీటి గురించి తప్పక అడగాలని కూడా లేదు. కూరలో వేసుకునే రెబ్బలకీ, రోజూ మింగే మాత్రకీ తేడా ఉందని చెబితే ఎంతో మేలుచేసినట్టు ఉండేది.

మూడోది ఉప్పునీళ్లు, ఆవిరి. గ్లాసు గోరువెచ్చని నీళ్లకు అర చెంచా ఉప్పు, పుక్కిలించి ఉమ్మేయాలి, గొంతు వాపు కాసేపు నెమ్మదిస్తుంది, అయిపోయింది. ఆవిరి గురించి మాత్రం చెప్పినదానికన్నా చెప్పనిది ఎక్కువ. ముక్కు వదులయినట్టు హాయిగా ఉంటుంది, నిజమే. వైరస్ చావదు, జలుబు తొందరగా పోదు. మరుగుతున్న నీళ్ల గిన్నె పిల్లల ఒళ్లో ఒలికితే తొడలు, పొట్ట కాలిపోతాయి. బర్న్స్ వార్డులో చేసినవాళ్లని అడగండి, ఆ కేసులు ఎలా వస్తాయో చెబుతారు. వీడియోలో ఐదారేళ్ల పాపని గిన్నె ముందు కూర్చోబెట్టి తలమీద తువ్వాలు కప్పారు. నాకు ఒళ్లు జలదరించింది.

ఇక గ్లాసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి సిఫారసు చేస్తున్న ఓఆర్ఎస్‌లో లీటరుకి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. మొత్తం 20.5 గ్రాములు. సోడియం 75 మిల్లీమోల్స్, గ్లూకోజ్ కూడా 75. ఈ సమానత్వం అందం కోసం పెట్టింది కాదు. విరేచనాలు ఎంత తీవ్రంగా ఉన్నా పేగు గోడలోని ఒక ద్వారం పనిచేస్తూనే ఉంటుంది, సోడియం, గ్లూకోజ్ రెండూ కలిసి వస్తేనే తెరుచుకుంటుంది, వాటి వెంట నీళ్లు లోపలికి పోతాయి. ఇప్పుడు అదే ప్యాకెట్ 200 మి.లీ.లో కలపండి. సోడియం 375 అవుతుంది. రక్తంలో ఉండేది 135 నుంచి 145. నీళ్లు లోపలికి పోవడం మాట అటుంచి, ఒంట్లోని నీళ్లే పేగులోకి వచ్చేస్తాయి. విరేచనాలు పెరుగుతాయి, పసివాళ్లలో సోడియం ఎక్కి ఫిట్స్ దాకా పోవచ్చు. మందు అనుకుని ఇచ్చిందే జబ్బవుతుంది.

నేనైతే ఇలా చూపిస్తాను. ముందు కవరు మీద ఎన్ని నీళ్లని రాసుందో తల్లి చేతే చదివిస్తాను. చదవడం రాకపోతే లీటరు సీసా తెప్పించి, ఎక్కడిదాకా నింపాలో గోటితో గీత గీసి చూపిస్తాను. పౌడరు మొత్తం వేయాలి, సగం దాచకూడదు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. రెండేళ్లలోపు పిల్లలకి విరేచనం అయినప్పుడల్లా 50 నుంచి 100 మి.లీ., ఆపై వయసు పిల్లలకి 100 నుంచి 200. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, చెంచాతో నిదానంగా మళ్లీ. ఆఖర్న ‘ఇప్పుడు మీరు కలపండమ్మా, నేను చూస్తాను’ అంటాను. ఆ రెండు నిమిషాల్లోనే తప్పులన్నీ బయటపడతాయి.

ఈ పాఠంలో ఇంకో వెలితి. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్ శరణార్థి శిబిరంలో కలరా విజృంభించి సెలైన్ సీసాలు నిండుకున్నప్పుడు డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన పొట్లాలు కట్టించి, డ్రమ్ముల్లో కలిపి పంచారు. తాగించింది ఎక్కువగా రోగుల ఇంటివాళ్లే. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకి దిగాయి. నర్సు చేతిలో పొట్లం పెట్టి పాఠం చెప్పేవాళ్లు ఈ ఒక్క కథ చెప్పకపోతే ఇంకేం చెబుతారు?

ఐదో పాఠం వేడి, చలువ. కాలితే పారే చల్లటి కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు పెట్టాలి, మూడు గంటల్లోపు ఎప్పుడు చేసినా లాభమే, ఐసు వద్దు, టూత్‌పేస్ట్ వద్దు, ఉంగరాలూ గాజులూ వాపు రాకముందే తీసేయాలి. అన్నీ సరిగా చెప్పారు. కానీ తెలుగు సబ్‌టైటిళ్లు చూసి నవ్వాపుకోలేకపోయాను. ‘కాపడం’ అనే నిక్షేపంలాంటి మాట ఉండగా ‘వేడి కుదింపు’ అని వేశారు. అంతకుముందు ఓఆర్ఎస్ పాఠంలో నీళ్ల విరేచనానికి ‘వదులు బల్ల’ అని పడింది. డ్యూటీ రూములో అందరికీ చూపించాను. ఇప్పుడు మా వార్డులో స్టూల్ చార్ట్‌ని బల్ల పట్టిక అంటున్నారు.

కాపడం గురించి నవ్వు రాని సంగతి ఒకటుంది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, చలికాలం, నా నైట్ డ్యూటీ. ఇరవై ఏళ్లుగా షుగర్ ఉన్న ఒకావిడ ‘కాళ్లు చల్లబడిపోతున్నాయి సిస్టర్’ అంటే వేడినీళ్ల సంచికి తువ్వాలు చుట్టి పాదాల దగ్గర పెట్టాను. తెల్లవారుజామున తువ్వాలు జారిపోయింది. ఆవిడకి తెలియలేదు. ఎలా తెలుస్తుంది, పాదాల్లో స్పర్శ పోయి ఎన్నాళ్లయిందో. దుప్పటి తీసి చూస్తే మడమ మీద నిమ్మకాయంత బొబ్బ. ‘నొప్పి లేదులే అమ్మా’ అని ఆవిడే నన్ను ఓదార్చింది. ఆ పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. స్పర్శ చూడకుండా కాపడం పెట్టకూడదని పుస్తకంలో చదివినదాన్నే నేను. కోర్సులో ఈ హెచ్చరిక ఉంది, అరనిమిషం. నా లెక్కలో పాఠం దీంతోనే మొదలవ్వాలి.

ఆరో పాఠానికే నేనిచ్చిన మూడు మార్కుల్లో రెండు. ‘అడగడం ఎలా’ అని పేరు. మందులేమైనా వాడుతున్నారా అంటే రోగి లేదనే అంటాడు, ఎందుకంటే ఇంట్లో వాడేది ఆయన దృష్టిలో మందు కాదు. అందుకని ప్రశ్నను మార్చమన్నారు: దగ్గొస్తే ఇంట్లో ఏం తీసుకుంటారు? నిద్ర పట్టకపోతే? కడుపుబ్బరానికి? ఒక్కో ఇబ్బందీ పేరుపెట్టి అడగమన్నారు. ఇంత చిన్న మార్పు నాకు పద్నాలుగేళ్లలో తట్టలేదు.

మర్నాడే వాడి చూశాను. గుండె జబ్బుకి, ఒంట్లో నీరు తీసే ఫ్రుసెమైడ్ మందు వాడుతున్న పెద్దాయన, బీపీ దిగడం లేదు, పొటాషియం 2.8కి పడిపోయింది. రెండ్రోజులుగా పొటాషియం ఎక్కిస్తూనే ఉన్నాం. అడ్మిషన్ రోజు కేస్ షీట్‌లో ఇతర మందులు ‘లేవు’ అని రాసింది నేనే.

‘పెద్దాయనా, దగ్గొస్తే ఇంట్లో ఏం తీసుకుంటారు?’

‘అదా! అతిమధురం ముక్క ఒకటి బుగ్గన పెట్టుకుంటానమ్మా. పొద్దుటి నుంచి రాత్రిదాకా ఉంటుంది. ఇదిగో ఇక్కడ కూడా ఉంది’ అని దిండు కింద నుంచి కాగితం పొట్లం తీశాడు.

అతిమధురంలోని గ్లిసరైజిన్ మూత్రపిండాల్లో కార్టిసాల్ అనే హార్మోనుని నిర్వీర్యం చేసే ఎంజైమును అడ్డుకుంటుంది. అప్పుడు కార్టిసాలే, ఒంట్లో ఉప్పును నిలిపే ఆల్డోస్టిరోన్ హార్మోనులా ప్రవర్తిస్తుంది: సోడియం, నీళ్లు నిలబడతాయి, బీపీ ఎక్కుతుంది, పొటాషియం పోతుంది. పైన ఫ్రుసెమైడ్ కూడా పొటాషియాన్ని తోసేస్తుంది. గుండెకిచ్చే డిగాక్సిన్ మందు కూడా వాడుతుంటే గుండె లయ తప్పడానికి ఇంకేం కావాలి. డాక్టరుగారికి చెప్పాను, పొట్లం నా లాకర్లోకి వెళ్లింది. దాని ప్రభావం వెంటనే పోదు, వారాలు పట్టొచ్చు కాబట్టి డిశ్చార్జ్ కాగితంలో కూడా రాయించాం. పెద్దాయనకి మాత్రం నా మీద కోపం. దగ్గుకి బదులు ఏమిస్తావని అడిగాడు. షుగర్ లేదు కాబట్టి తేనె అన్నాను.

పరీక్ష గురించి ఎక్కువ రాయను. ఇరవై ప్రశ్నలు. పసుపు మొక్కలో వాడేది వేరా దుంపా అని అడిగారు. ఎంత, ఎంతసేపు, ఎవరికి ఇవ్వకూడదు అన్న ప్రశ్న ఒక్కటీ లేదు. సర్టిఫికెట్ మీద నా పేరులో ఒత్తు ఎగిరిపోయింది.

ఎవరు చేయొచ్చంటే, నర్సింగ్ మూడో ఏడాది పిల్లలు ఒకటి, ఐదు, ఆరు పాఠాలు చూడండి. రెండోది వదిలేసినా నష్టం లేదు. మూడో పాఠం చూస్తే పక్కన ఒక సీనియర్ ఉండాలి.

గ్లాసు గురించి వాళ్లకి రెండు ఉత్తరాలు రాశాను, నిమిషం, సెకను వేసి మరీ. మొదటిదానికి ‘మీ సూచనకు ధన్యవాదాలు’ అని వచ్చింది. రెండోదానికి ‘స్క్రిప్టులో లీటరు అనే ఉంది కదా’ అన్నారు. నిన్న రాత్రి మళ్లీ తెరిచి చూశాను. ఆవిడ ఇంకా ఆ గ్లాసులోనే కలుపుతోంది.