నీళ్లలోంచి తీసిన బాంబర్‌ను అలాగే ఉంచాలా, బాగు చేయాలా?

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ 6,000కు పైగా హాలిఫాక్స్ బాంబర్లు తయారుచేసింది. కూలిపోనివి కూడా యుద్ధం తర్వాత దాదాపు అన్నీ తుక్కు కిందే పోయాయి. అందుకే సరస్సుల అడుగున మిగిలిన వాటికి ఇంత విలువ. అలాంటివి రెండు నార్వేలో దొరికాయి. రెండింటికీ రెండు రకాల గతి పట్టింది.

మొదటిది 1942 ఏప్రిల్‌లో జర్మన్ యుద్ధనౌక తిర్పిట్జ్ మీద దాడికి వెళ్లింది. దెబ్బతిని, గడ్డకట్టిన హోక్లింగెన్ సరస్సు మీద దిగింది. సిబ్బంది బతికారు, విమానం మాత్రం మంచు కిందికి మునిగిపోయింది. 1973లో పైకి తీసి, లండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో దాదాపు తీసినట్టే పెట్టారు.

రెండోది 1945 ఏప్రిల్‌లో నార్వే ప్రతిఘటన దళాలకు సామాను జారవిడవడానికి వెళ్లి మ్యోసా సరస్సులో పడింది. ఆరుగురిలో ఒక్కరే బతికారు. 1995లో 200 మీటర్లకు పైగా లోతు నుంచి తీసి, ఏళ్ల తరబడి పనిచేసి కొత్తదానిలా చేశారు. ఇప్పుడు కెనడాలోని ట్రెంటన్‌లో ఉంది.

ట్రెంటన్ వాళ్ల శ్రమను తక్కువ చేయలేను. హాలిఫాక్స్‌లలో ఎగిరి ప్రాణాలిచ్చిన కెనడా కుర్రాళ్లు ఎందరో. వాళ్ల కుటుంబాలకు నిండైన విమానం ఒకటి కళ్ల ముందు ఉండాలనిపించడం న్యాయమే. అది ఎంత పెద్దదో, లోపల ఎంత ఇరుకో పిల్లలకు కూడా ఇట్టే తెలుస్తుంది.

అయినా నా ఓటు లండన్ దానికే. బాగుచేసిన విమానంలో ఏ రేకు 1945 నాటిదో, ఏది వర్క్‌షాప్‌లో చేసిందో మామూలు మనిషికి తెలియదు. ఆ రాత్రి తగిలిన దెబ్బ రంగు కింద కనబడకుండా పోతుంది. లండన్‌లో చిరిగిన రేకులే సాక్ష్యం. వాటిని చూస్తే, ఇందులోంచి మనుషులు ప్రాణాలతో ఎలా బయటపడ్డారా అని గుండె ఝల్లుమంటుంది. నిజమే, అలా ఉంచితే లోహాన్ని తుప్పు తినేయకుండా ఎప్పుడూ కనిపెట్టుకుని ఉండాలి.

మూడో దారి కూడా ఉంది. బెల్జియం బురదనేలలో 1944లో కూలిన హాలిఫాక్స్‌ను 1997లో తవ్వితీశారు. అందులో దొరికిన ముగ్గురి అవశేషాలను తోటివాళ్ల పక్కనే పూడ్చారు. ఆ విమానం అల్యూమినియం కొంత లండన్‌లో బాంబర్ కమాండ్ (బ్రిటన్ వైమానిక దళంలోని బాంబర్ల విభాగం) స్మారకం పైకప్పులో కలిసింది. ఆకారం పోయిన ముక్కలకైతే ఇది గౌరవమైన చోటే.

విమానం నిండుగా దొరికి, బాగు చేయక తప్పదనుకుంటే, ఒక వైపు రెక్కనైనా ముట్టుకోకుండా వదిలేయమంటాను.