మోంట్‌సెరాట్: బస్సు టూరు చూపించని సగం

స్పెయిన్‌లోని బార్సిలోనా వెళ్లేవారికి ముందే ఒక మాట చెబుతున్నాను: దగ్గర్లో కొండ మీద మఠం ఉన్న మోంట్‌సెరాట్‌కు పూటలో ముగిసే బస్సు టూరు కట్టకండి. మనిషికి 62 యూరోలు పుచ్చుకున్న ఒక ఏజెన్సీ మమ్మల్ని కొండ మీద దింపి, మద్యం, చాక్లెట్లు అమ్మే దుకాణంలో నలభై నిమిషాలు నిలబెట్టి, పన్నెండున్నరకల్లా బస్సెక్కమన్నది. ఒంటిగంటకు ఎస్కొలానియా అనే మఠం బాలుర గాయక బృందం పాడుతుందని గైడు చెప్పనే లేదు; బసిలికా (మఠంలోని పెద్ద చర్చి) దగ్గర అంటించిన కాగితం చదివి మా ఆవిడ కనిపెట్టింది. డబ్బు వాపసు రాదని తేలగానే మా బావమరిది ముఖం మాడ్చుకున్నాడు. అయినా బస్సును వదిలేశాము.

1025లో మఠాధిపతి ఒలీబా స్థాపించిన ఈ బెనెడిక్టైన్ (ఒక కేథలిక్ సన్యాసుల శాఖ) మఠంలో, కాటలన్లు, అంటే బార్సిలోనా ఉన్న కాటలోనియా ప్రాంతపు జనం, ‘మొరెనెటా’ అని ముద్దుగా పిలుచుకునే నల్లని మేరీమాత కొయ్య విగ్రహం ఉంది. 1881లో ఆమెను కాటలోనియా పాలకమాతగా పోప్ ప్రకటించారు. విగ్రహమంతా అద్దం వెనుకే ఉన్నా, కుడి చేతిలోని గోళం మాత్రం అద్దంలోంచి బయటికి ఉంటుంది. భక్తులు దాన్ని తాకి, రెండో చెయ్యి చాచి, క్షణం ఆగి కదులుతారు. మన దర్శనం వరుసలకు అలవాటు పడినవారికి అక్కడి నిరీక్షణ ఒక లెక్క కాదు.

ఒంటిగంటకు తెల్లని అంగీలు వేసుకున్న పిల్లలు వచ్చి, మొదట సాల్వే అనే లాటిన్ మేరీమాత ప్రార్థన, తరువాత ఈ మేరీమాత మీది పాట విరొలాయ్ పాడారు. కవి జసింట్ వెర్దగెర్ 1880లో కాటలన్ భాషలో రాసిన ఆ విరొలాయ్‌ను మా పక్కనున్న వృద్ధ దంపతులు పుస్తకం చూడకుండా, పెదవులు మాత్రమే కదుపుతూ అనుసరించారు. స్పెయిన్ నియంత ఫ్రాంకో పాలనలో బడుల నుంచీ కార్యాలయాల నుంచీ గెంటివేయబడిన భాషకు ఈ కొండ నీడనిచ్చింది. 1963లో మఠాధిపతి ఎస్కర్రే ఒక ఫ్రెంచి పత్రికలో ప్రభుత్వాన్ని బాహాటంగా విమర్శించి, చివరికి దేశం విడవవలసి వచ్చింది; 1970 డిసెంబరులో బాస్క్ వేర్పాటువాదులపై బుర్గోస్ నగరంలో జరిగిన సైనిక విచారణకు నిరసనగా సుమారు 300 మంది కళాకారులు, మేధావులు ఈ మఠంలోనే బైఠాయించారు. ఇంత చరిత్ర ఉన్న చోట గైడు చెప్పిందల్లా రాళ్లు రంపం పళ్లలా ఉన్నాయని మాత్రమే.

పాట అయ్యాక బావమరిది కోపం దిగింది. దారి పక్క బల్లల మీద రైతులు అమ్మే మతో అనే ఉప్పులేని తాజా జున్నుకు తేనె కలిపి పెట్టించుకున్నాము. 5 యూరోలకు అది బార్సిలోనాలో తిన్న అన్నిటికన్నా రుచిగా ఉంది.

దిగేటప్పుడు పళ్ల పట్టాల రైలు, కొండ కింది మోనిస్ట్రోల్‌లో మరో రైలు పట్టుకొని బార్సిలోనాలోని ప్లాసా ఎస్పాన్యాకు సుఖంగా చేరాము. మనిషికి 14 యూరోలయింది. మీరు వెళ్లడానికి కూడా అదే దారి మేలు. వారాంతాల్లోను, పిల్లల సెలవుల్లోను పాట వేళలు మారతాయి, ఒక్కోసారి పాటే ఉండదు కాబట్టి ముందుగా చూసుకొని బయల్దేరండి.

ఏజెన్సీకి ఫిర్యాదు రాస్తే, మీరు కొన్న కార్యక్రమంలో పాట లేదని జవాబు ఇచ్చారు. చూస్తే నిజమే, మద్యం రుచి చూపడం మాత్రం అందులో పెద్ద అక్షరాలతో ఉంది.